18వ శతాబ్దపు క్విల్టెడ్ పెట్టీకోట్లు లోపల వేసుకునేవా, పైకి కనబడేవా?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లో 1750 ప్రాంతపు క్విల్టెడ్ (బొంతలా పొరలు కలిపి కుట్టిన) పెట్టీకోట్ ఫొటో చూశాను. పట్టు మీద అంత సన్నటి కుట్టు, అంచు చుట్టూ పువ్వులు, తీగలు! పెట్టీకోట్ అంటే లోపలిదే కదండీ, కనబడని దానికి అంత పనెందుకు?

జవాబు 1:
కనబడేదేనండి. అప్పటి గౌన్లు చాలావాటికి ముందు భాగం తెరిచి ఉండేది, ఆ సందులోంచి ఇదే కనిపించేది. అందుకే నడుము వైపు మామూలు డైమండ్ గళ్లు కుట్టేసి, పనితనమంతా కింది అంచులో చూపించేవాళ్లు. పైన శాటిన్, మధ్యలో ఉన్ని పొర, అడుగున లైనింగ్, మూడూ కలిపి చేత్తో రన్నింగ్ స్టిచ్ వేయడమే. ఎంత ఓపికో!

జవాబు 2:
చలి సంగతి కూడా ఉంది, ఆ ఉన్ని పొర నిజంగా వెచ్చగా ఉంటుంది. డబ్బున్నవాళ్లకే అనుకోకండి, లండన్‌లో రెడీమేడ్‌గా కూడా అమ్మేవాళ్లు, పట్టు కొనలేనివాళ్లకి ఉన్ని బట్టవి ఉండేవి. పక్కల చీలికలు గమనించారా? నడుముకి విడిగా కట్టుకునే జేబు సంచిలోకి చెయ్యి పెట్టడానికే అవి.

ప్రశ్న అడిగినవారు:
అయ్యో, ఆ చీలికలు చిరుగులనుకున్నాను! మరి పైభాగానికీ ఇలాంటివి ఉండేవా?

జవాబు 1:
ఉండేవి, జంప్స్ అనేవాళ్లు. బిగుతైన స్టేస్ (ఛాతీ, నడుము బిగించి పట్టే గట్టి లోదుస్తు) బదులు ఇంట్లో, గర్భంతో ఉన్నప్పుడు హాయిగా వేసుకునే మెత్తటి క్విల్టెడ్ జాకెట్లు. నాకైతే పెట్టీకోట్ల కన్నా ఇవే ఇష్టం.