అప్‌డేట్: రాతిపారలో లంగరు ఇరుక్కుపోయే సమస్య తీరింది

భీమిలి బయట 15 బారల (సుమారు 90 అడుగుల) లోతులో, సముద్రం అడుగు రాతి మీద బొంత చేపలకు గేలం వేసేటప్పుడు లంగరు పైకి రావట్లేదని, రెండు లంగర్లు తాడు కోసి వదిలేయాల్సి వచ్చిందని ఇక్కడ అడిగాను. బోటు 22 అడుగుల ఫైబర్. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది గొలుసును తిరగేసి కట్టమన్న సలహా. గొలుసు చివరను పై రింగుకు కాకుండా, కొక్కేలు కలిసే అడుగు భాగానికి షాకిల్‌తో (మరతో మూసే ఇనుప కడియం) బిగించాలి. అక్కడి నుంచి లంగరు కాడ వెంబడి పైకి తెచ్చి, రింగుకు కేబుల్ టైతో (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ) మాత్రమే కట్టాలి. ఇరుక్కుంటే బోటును సరిగ్గా లంగరు మీదికి తెచ్చి తాడు నిటారుగా బిగిస్తే టై తెగుతుంది, లాగుడు అడుగు నుంచి పడి కొక్కెం వెనక్కి ఊడొస్తుంది. ఆరుసార్లు ఇరుక్కుంటే ఆరుసార్లూ వచ్చింది.

టై ఒకటైతే అల పెద్దదైనప్పుడు వేట మధ్యలోనే తెగి బోటు కొట్టుకుపోయింది. రెండు వేశాక ఆగింది. టై బదులు నైలాన్ తాడుతో కడితే తెగదు, లంగరు ఇరుక్కునే పాత కథే.

బరువైన లంగరు, పొడుగు గొలుసు ఈ సమస్యను తీర్చవు. బరువు పెంచితే ఇంకా లోతుగా దిగబడింది.

తాడును ఎప్పుడూ ముందు వైపు నుంచే లాగండి. వెనక కట్టి ఇంజన్‌తో లాగితే అలకు నీళ్లు లోపలికొచ్చి బోటు మునగొచ్చు.