డిస్క్ స్క్రూ తుప్పు పట్టి కదలడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (కొత్తపట్నం): అందరికీ నమస్తే. పాత హోండా సిటీకి ముందు బ్రేక్ డిస్కులు మారుస్తున్నా. కుడి చక్రం దగ్గర డిస్కును పట్టుకుని రెండు స్టార్ స్క్రూలున్నాయి. ఒకటి వచ్చేసింది, రెండోది ససేమిరా అంటోంది. గాడి అంచులు నలుగుతున్నాయి. కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) ఇంకా విప్పలేదు. ఎల్లుండి అమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, టెన్షన్‌గా ఉంది. ఇంటి దగ్గరే అయ్యే దారి చెప్పండి.

జవాబు (కావలి): తమ్ముడూ, ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. ఇంకో రెండుసార్లు జారిందంటే గాడి గుండ్రంగా అయిపోతుంది. కాలిపర్ విప్పకపోవడం మంచిదైంది. ఇంట్లో ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమను, డిస్క్ తిరగదు.

ఈ స్క్రూకి 3వ నంబరు బిట్ కావాలి. ఇళ్లలో ఉండేది మామూలుగా 2వ నంబరు. అది లోపల వదులుగా ఆడి గాడిని తినేస్తుంది. హార్డ్‌వేర్ షాపులో సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ అడుగు. కొట్టిన ప్రతి దెబ్బకీ బిట్ లోపలికి దిగుతూనే కాస్త తిరుగుతుంది. బలంతో తిప్పితే రాని స్క్రూ దెబ్బకి వస్తుంది, ఎందుకంటే ముందు విరగాల్సింది తుప్పు పట్టు.

తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగు. ప్యాడ్ల మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టు. తర్వాత గాడిలో నూనె లేకుండా తుడువు, లేకపోతే బిట్ జారుతుంది. డ్రైవర్ విప్పే వైపు సెట్ అయి ఉందో లేదో చూసుకుని, ఎడమకి తిప్పి బిగబట్టి, కిలో సుత్తితో సూటిగా కొట్టు. మెల్లగా పది దెబ్బల కంటే గట్టిగా రెండు దెబ్బలు మేలు.

జవాబు (సింగరాయకొండ): సముద్రపు గాలికి మా వైపు బండ్లలో ఇది మామూలే. వేడి చేయాలనుకుంటే ఒక్క మాట: బ్రేక్ క్లీనర్ గానీ స్ప్రే గానీ కొట్టిన చోట మంట పెట్టొద్దు. అంటుకుంటుంది. క్లోరిన్ ఉన్న క్లీనరైతే విషవాయువు పుడుతుంది.

ప్రశ్నించినవారు: అన్నా, ఇంపాక్ట్ డ్రైవర్ తెచ్చి కొట్టా. గాడి మొత్తం పోయింది, స్క్రూ మాత్రం కదల్లేదు.

జవాబు (కావలి): కంగారు పడకు, డ్రిల్ చేసెయ్. గాడి మధ్యలో 3 ఎం.ఎం. బిట్‌తో మొదలుపెట్టి, తర్వాత 6.5 వెయ్యి. తల ఊడొస్తుంది. కాలిపర్, దాని బ్రాకెట్ విప్పి తీగతో కట్టెయ్, బ్రేక్ ఆయిల్ గొట్టం మీద వేలాడనీయకు. డిస్క్ హబ్‌కి (చక్రం బిగించే మధ్య భాగానికి) అతుక్కుని ఉంటే దాని మీదున్న రెండు మరల రంధ్రాల్లో 8 ఎం.ఎం. బోల్టులు పెట్టి, ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించు, అదే పైకి లేస్తుంది. ఇక మిగిలిన మొండిని లాకింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పితే, పైన తల బిగింపు లేదు కాబట్టి సులభంగా వస్తుంది.

ప్రశ్నించినవారు: వచ్చేసిందన్నా! కొత్త స్క్రూ దొరికేదాకా బండి తీయకూడదా?

జవాబు (కావలి): తీయొచ్చు. డిస్కును నిజంగా బిగబట్టేవి చక్రం నట్లు. ఒక్కోదానికి 108 న్యూటన్ మీటర్ల బిగింపు ఉంటుంది, ఈ స్క్రూకి పది. చక్రం విప్పినప్పుడు డిస్క్ జారకుండా ఉండటానికే అది. కొత్తది వేసేటప్పుడు మరలకు కొంచెం యాంటీ సీజ్ (తుప్పుతో బిగుసుకోకుండా రాసే పేస్టు) పెట్టు. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కు, కొత్త ప్యాడ్లు వేసుంటే మొదటి తొక్కుడికి నేలను తాకుతుంది.