బ్లీచింగ్‌తో కడిగిన తర్వాత ఇసుక ఫిల్టరు మాంగనీసును ఆపడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న (గరివిడి దగ్గరి పల్లె నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంటి బోరు నీళ్ళు తోడగానే తేటగా ఉంటాయి. రెండు మూడు రోజులు బిందెలో నిలవుంటే అడుగున మసి లాంటి నల్లటి పొర పేరుకుంటుంది. నిరుడు మా మామగారు రెండు డ్రమ్ములతో ఇసుక ఫిల్టరు కట్టారు. పైన షవరు బిగించి నీళ్ళు చినుకుల్లా పడేలా చేశారు. మొదటి రెండు నెలలు పెద్ద తేడా కనిపించలేదు కానీ, ఆ తర్వాత బిందె నల్లబడటం ఆగిపోయింది.

పోయిన నెల నీళ్ళు పరీక్ష చేయించాం. ఫిల్టరు దాటిన నీటిలో ఈ నలుపుకు కారణమైన మాంగనీసు అనే లోహం లీటరుకు 0.05 మిల్లీగ్రాములే ఉంది కానీ, కోలిఫారం బ్యాక్టీరియా ఉన్నట్టు రాశారు. భయపడి ఇసుకంతా బయటికి తీసి, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళలో నానబెట్టి కడిగాం. బాగా నల్లబడిన ఇసుకను పెరట్లో పారబోసి కొత్తది నింపాం. ఇప్పుడు బిందె మళ్ళీ నల్లబడుతోంది. ఈసారి పరీక్షలో మాంగనీసు 0.8 వచ్చింది. ఇంట్లో ఏడు నెలల పాప ఉంది, డబ్బాపాలు ఈ నీళ్ళతోనే కాచి కలుపుతున్నాం. బ్లీచింగ్ మోతాదు పెంచాలా? ఫిల్టరు తీసేసి ఆర్వో యంత్రం కొనాలా?

జవాబు (ఆదిలాబాద్ నుంచి ఒక గృహస్థు)

యంత్రం కొనే ముందు ఆలోచించండి. మా ఇంట్లో సూక్ష్మజీవులను చంపే అతినీలలోహిత దీపం ఉన్న యంత్రం పెట్టాం. ఆరు నెలలకు దీపం చుట్టూ ఉండే గాజు గొట్టం మీద గోధుమ రంగు పొర కట్టింది. దీపం వెలుగుతూనే ఉంది, వెలుగు మాత్రం నీటికి అందడం లేదు. బాగు చేయడానికి వచ్చిన అబ్బాయి గొట్టం తీసి చూపించేదాకా మాకు ఆ సంగతే తెలియదు.

జవాబు (నీటి పరీక్షశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న రసాయనవేత్త)

అమ్మా, ముందు పాప సంగతి. ఈ రోజు నుంచే డబ్బాపాలకు ఈ నీళ్ళు వాడకండి. పరీక్ష చేసి మంచివని తేల్చిన వేరే చోటి నీళ్ళు తెచ్చుకుని, వాటిని కాచి వాడండి. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, మాంగనీసు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. మన దేశ ప్రమాణం లీటరుకు 0.1 మి.గ్రా., వేరే నీటి వనరు లేనప్పుడు 0.3 దాకా అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బాపాలు తాగే పసిపిల్లలను దృష్టిలో పెట్టుకుని 0.08 అని తాత్కాలిక పరిమితి పెట్టింది. పెద్దవాళ్ళకు అన్నంలో, టీలో కూడా మాంగనీసు అందుతూనే ఉంటుంది, అక్కరలేనిది శరీరం బయటికి పంపుతుంది. పసిపిల్లల్లో ఆ ఏర్పాటు ఇంకా కుదురుకోదు.

ఇక ఫిల్టరు. మీ మామగారు చాలా మంచి ఫిల్టరు కట్టారు. మీరు పెరట్లో పారబోసిన ఆ నల్ల ఇసుకే అందులో అసలు పనిమంతురాలు.

బోరు నీటిలో మాంగనీసు కరిగి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే నల్లటి ఆక్సైడుగా మారి విడిపోతుంది. ఇనుము అయితే మామూలు నీటిలో గాలి తగిలిన కాసేపటికే తుప్పు రంగుకు తిరుగుతుంది. మాంగనీసు మొండిది. కేవలం గాలితోనే త్వరగా మారాలంటే నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటాలి, మన బోరు నీళ్ళు సాధారణంగా 7, 8 మధ్య ఉంటాయి. అక్కడ బ్యాక్టీరియా సాయం కావాలి. లెప్టోథ్రిక్స్ వంటివి ఇసుక రేణువుల మీద స్థిరపడి, కరిగిన మాంగనీసును ఆక్సైడుగా మార్చి అక్కడే పొరగా పేరుస్తాయి. ఆ నల్ల పొర మళ్ళీ కొత్త మాంగనీసును పట్టి లాగుతుంది. మొదటి రెండు నెలలు తేడా కనపడకపోవడానికి కారణం అదే, ఆ పొర అప్పుడే తయారవుతోంది. ఇవి మనుషులకు జబ్బు తెచ్చే రకం కావు. రిపోర్టులో ఉన్న కోలిఫారం వేరు, అది సాధారణంగా మురుగు ఎక్కడో కలుస్తోందనడానికి గుర్తు. బ్లీచింగ్ ఈ రెండింటికీ తేడా చూడదు. మీరు దొంగను పట్టుకోబోయి కాపలాదారును తరిమేశారు.

ఇవి చెప్పండి: పీహెచ్, ఇనుము, అమ్మోనియా ఎంత? సెప్టిక్ ట్యాంకు బోరుకు ఎంత దూరం? బోరు కేసింగు చుట్టూ సిమెంటు గట్టు ఉందా? పారబోసిన ఇసుక ఇంకా ఉందా?

ప్రశ్న అడిగినవారు

చదువుతుంటే మనసు చివుక్కుమంది, మామగారు ఆ రోజే వద్దన్నారు. పీహెచ్ 7.4, ఇనుము 0.6, అమ్మోనియా దాదాపు లేదు. సెప్టిక్ ట్యాంకు పది అడుగుల దూరంలోనే ఉంది. సిమెంటు గట్టు పగిలింది, వానాకాలంలో కేసింగు చుట్టూ నీళ్ళు నిలుస్తాయి. నల్ల ఇసుక మునగచెట్టు కింద కుప్పగా ఉంది, లోపల ఇంకా తడిగానే ఉంది.

జవాబు (రసాయనవేత్త)

కుప్ప లోపల తడిగా ఉన్న ఇసుకను మాత్రం తీసి, బ్లీచింగ్ కలవని బోరు నీళ్ళతో మట్టి పోయేలా తేలిగ్గా కడిగి, డ్రమ్ములో ఇసుక పై భాగంలో కలపండి. పాలలో తోడు వేసినట్టే అనుకోండి. తోడు లేకపోయినా పొర కడుతుంది గానీ చాలా రోజులు పడుతుంది. షవరు అలాగే ఉంచండి. ఒక మిల్లీగ్రాము మాంగనీసు మారడానికి 0.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ చాలు, ఆ చినుకులే సరిపోతాయి. ఇసుక ఎప్పుడూ నీటిలో మునిగే ఉండాలి. ఇకమీదట నీటి ధార సన్నబడినప్పుడు పై రెండంగుళాలు మాత్రం కలియబెట్టి మురికి నీళ్ళు తీసేయండి. ఇసుక తెల్లబడేదాకా తోమవద్దు.

బ్లీచింగ్‌కు కూడా చోటుంది, ఫిల్టరు దాటిన తర్వాత. తేట నీళ్ళు నిలిచే ట్యాంకులో వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు విడిగా కొద్ది నీళ్ళలో కలిపి, పైన తేరిన నీళ్ళు పోయండి. అరగంట ఆగి క్లోరోస్కోపుతో (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే పరికరం) చూస్తే లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగలాలి. ఈ వరస మాత్రం తప్పకండి: గాలి, ఇసుక, ఆ తర్వాతే బ్లీచింగ్. ముందే వేస్తే పొర పాడవుతుంది. మాంగనీసు పోకుండా వేస్తే ట్యాంకులోనే మెల్లగా నల్లబడుతుంది.

అన్నిటికన్నా తొందరగా చేయాల్సిన పని ఆ గట్టు. పగులు మూయించి, నీళ్ళు బయటికి వాలేలా కట్టించండి. పది అడుగులు చాలా దగ్గర, వీలు చిక్కగానే సెప్టిక్ ట్యాంకును మార్పించండి. అప్పటిదాకా క్లోరిన్ ఒక్క రోజు కూడా మానవద్దు. ఆర్వో యంత్రంలో నీళ్ళను వడకట్టే పల్చటి పొర మీద కూడా మాంగనీసు పేరుకుంటుంది, కొన్నా దానికి ముందు ఈ ఇసుక ఫిల్టరు ఉండాల్సిందే.

జవాబు (డెన్మార్క్‌లో ఉంటున్న తెలుగువారు)

ఇక్కడ తాగునీరు దాదాపు అంతా భూగర్భజలమే. గాలి పట్టించి ఇసుక గుండా పంపి, చాలా చోట్ల క్లోరిన్ లేకుండానే ఇస్తారు. కొత్త ఇసుక నింపిన చోట మాంగనీసు తగ్గడానికి నెలలు పడుతుంది. అయితే ఇక్కడి నీళ్ళలో మురుగు జాడ లేదు కాబట్టి అది చెల్లుతుంది. మీరు క్లోరిన్ మానకండి.

ఒక ముచ్చట. 2020లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మాంగనీసు నుంచే శక్తి తీసుకుని బతికే బ్యాక్టీరియాను కనుగొన్నట్టు ప్రకటించారు. మాంగనీసు లవణం అంటిన గాజు జాడీని కుళాయి నీళ్ళతో నింపి వదిలేసి వెళ్తే, కొన్ని నెలలకు దానిమీద నల్ల పొర కట్టింది. ఆ వేట అక్కడ మొదలైంది.

ప్రశ్న అడిగినవారు (నలభై రోజుల తర్వాత)

గట్టు కొత్తగా కట్టించాం. నల్ల ఇసుకను మామగారే స్వయంగా కడిగి వేశారు. మాంగనీసు 0.8 నుంచి 0.2కు దిగింది. క్లోరిన్ వేసిన నీళ్ళలో కోలిఫారం లేదని రిపోర్టు వచ్చింది. పాపకు ఇంకా పక్క ఊరి నీళ్ళే వాడుతున్నాం. సంక్రాంతికి నాలుగు రోజులు పుట్టింటికి వెళ్తున్నాం, ఫిల్టరు అలాగే వదిలేయవచ్చా?

జవాబు (రసాయనవేత్త)

సంతోషం అమ్మా, మామగారికి నా నమస్కారాలు చెప్పండి. నీళ్ళు కదలకుండా నిలిస్తే ఇసుకలో ఆక్సిజన్ అయిపోతుంది, అప్పుడు పేరుకున్న మాంగనీసు తిరిగి నీటిలోకి కరుగుతుంది. వీలైతే పక్కింటివాళ్ళను ఉదయం, సాయంత్రం అరగంట మోటారు వేయమనండి. కుదరకపోతే తిరిగి వచ్చాక మొదటి రెండు డ్రమ్ముల నీళ్ళు మునగచెట్టుకు వదిలేయండి. పాప పాలకు మాత్రం వరుసగా రెండు పరీక్షల్లో 0.08 కన్నా తక్కువ వచ్చాకే ఈ నీళ్ళు మొదలుపెట్టండి.