ఎంజీబీ కారు రెండు కార్బొరేటర్లు కుదరడం లేదు, ముందు ప్లగ్గులు నలుపు, వెనకవి తెలుపు

జయపురం_1967:
అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. మా పెదనాన్నగారి 1967 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఈ మధ్యే నా చేతికొచ్చింది. 1798 సీసీ ఇంజను, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బొరేటర్లు (పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి ఇచ్చేవి). చాలా ఏళ్లు షెడ్డులో ఉన్న బండి కాబట్టి ట్యాంకు కడిగించి, పెట్రోలు పైపులు మార్పించి, రెండు కార్బ్‌లకీ కొత్త ప్యాకింగ్ కిట్టు వేయించాను. స్టార్ట్ అయితే ఇట్టే అవుతోంది. స్లో స్పీడు మాత్రం నిలవదు, ఓసారి 600కి పడిపోయి ఆగేలా ఉంటుంది, ఓసారి దానంతటదే 1200కి లేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కగానే వెనక కార్బ్‌లోంచి ఫట్‌మని ఎదురు కొడుతోంది. 

ఇక్కడి మేస్త్రీ అంబాసిడర్లు బాగా చేస్తాడు. ఆయన రెండు జెట్లూ (పెట్రోలు వచ్చే సన్న గొట్టాలు) కిందికి దింపి కాస్త రిచ్ చేశాడు, అంటే పెట్రోలు పాలు పెంచాడు. దాంతో ఎదురు కొట్టడం తగ్గింది గానీ సిమిలిగుడ వైపు ఎక్కేసరికి వెనక నల్ల పొగ. ఇప్పుడు ప్లగ్గులు విప్పితే 1, 2 మసి పట్టి ఉన్నాయి, 3, 4 తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ముందు మిక్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) చూసుకోవాలా, రెండు కార్బ్‌ల గాలి సమానం చేసుకోవాలా? వైజాగ్ పంపమని అందరూ అంటున్నారు, నాకేమో నేర్చుకుని నేనే చేసుకోవాలని ఉంది.

రాయగడ_బుల్లెట్:
బ్రో, ఆ రెండూ పీకేసి ఒకటే వెబర్ కార్బ్ వేసెయ్, టెన్షన్ ఉండదు. మానిఫోల్డుతో సహా సెట్టు దొరుకుతుంది. సగం మంది చివరికి చేసేది అదే.

కొరాపుట్_పాతబండ్లు:
తమ్ముడూ, వెబర్ మాట తర్వాత. ముందు కార్బ్‌ల మీద చెయ్యి వేయకు. ఎస్‌యూలో చెడిపోవడానికి ఉన్నవే చాలా తక్కువ, కార్బ్ గొడవ అని నా దగ్గరకి వచ్చిన వాటిలో చాలావరకు డెల్కో (ప్లగ్గులకి కరెంటు పంచేది) గొడవలే. డెల్కోలో పాయింట్ గ్యాప్ 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ప్లగ్ గ్యాప్ 25 థౌ, టప్పెట్లు (వాల్వుల గ్యాప్) చల్లగా ఉన్నప్పుడు 15 థౌ, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఇవి సరిచూసుకుని, టైమింగ్ లైటు పెట్టి టైమింగ్ కూడా చూశాకే కార్బ్‌ల దగ్గరకి రా. లేకపోతే ఒక తప్పుని ఇంకో తప్పుతో సర్దుతూ కూర్చుంటావు.

ఇక నీ ప్లగ్గులే జవాబు చెబుతున్నాయి. ఆ ఇంజనులో ముందు కార్బ్ 1, 2 సిలిండర్లకి, వెనకది 3, 4కి పోస్తుంది. కిట్టులో ప్యాకింగ్‌లు మారతాయి గానీ థ్రాటిల్ స్పిండిల్ (గాలి దారి మూసి తెరిచే బటర్‌ఫ్లై రేకుని తిప్పే ఇరుసు) అరుగుదల మారదు. హెచ్‌ఎస్4లో ఆ స్పిండిల్ 5/16 అంగుళం, అది అల్యూమినియం బాడీలోనే నేరుగా తిరుగుతుంది, ఏళ్ల మీద స్పిండిలూ అరుగుతుంది, రంధ్రమూ సాగుతుంది. అక్కడ్నుంచి లెక్కలోకి రాని గాలి లోపలికి దూరుతోందంటే వెనక రెండు సిలిండర్లు లీన్ అయి (పెట్రోలు పాలు తగ్గి) ఎదురు కొడతాయి, స్లో స్పీడు కూడా అందుకే ఊగుతుంది. మీ మేస్త్రీ ఆ లీన్ పోవడానికి రెండు జెట్లూ దింపాడు, బాగానే ఉన్న ముందు కార్బ్ దాంతో రిచ్ అయిపోయింది. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, ఒక్క కార్బ్ ఉన్న బండికి ఆ వైద్యం పనిచేసేదే. అంబాసిడర్ ఇంజను కూడా ఇదే బి సిరీస్ కుటుంబం కదా, ఆయన చెయ్యి దీనికి కొత్తేమీ కాదు, జోడు కార్బ్‌లే కొత్త.

పరీక్ష తేలిక. ఇంజను స్లోలో తిరుగుతుండగా స్పిండిల్ బయటికొచ్చే చోట డబ్ల్యూడీ-40 చిటికెడంత కొట్టు. ఆర్‌పీఎం మారిందంటే గాలి దూరుతున్నట్టే. జాగ్రత్త, దీంట్లో ఎగ్జాస్ట్ కూడా కార్బ్‌ల వైపే, వాటి కిందే ఉంటుంది, చల్లగా ఉన్న ఇంజను మీద చెయ్యి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకో. స్పిండిల్‌ని వేళ్లతో పైకీ కిందికీ కదిపినా ఆట తెలిసిపోతుంది.

అది తేలాక నీ ప్రశ్నకి జవాబు: ముందు గాలి, తర్వాత మిక్చర్, మళ్లీ గాలి. ఇంజను బాగా వేడెక్కనిచ్చి, రెండు స్పిండిళ్లని కలిపే క్లాంపులు వదులు చెయ్యి, చోక్ లింకు కూడా. ఇది వదులు చెయ్యకుండా ట్యూన్ చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఒక స్క్రూ తిప్పితే రెండూ కదులుతుంటే ఏది ఏం చేస్తోందో ఎలా తెలుస్తుంది? రెండు స్లో స్క్రూలూ బటర్‌ఫ్లై మూసుకునే దాకా వెనక్కి తీసి, అక్కడ్నుంచి చెరో ఒకటిన్నర చుట్టు లోపలికి. తర్వాత సన్న రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బ్ నోటి దగ్గర పెట్టి ఆ బుస్సుమనే శబ్దం విను. రెండింట్లో ఒకే స్థాయిలో వినిపించే దాకా స్క్రూలు సర్దు. గాలి కొలిచే మీటరు ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

మిక్చర్‌కి జెట్లు రెండూ బ్రిడ్జితో (కార్బ్ గొంతులో జెట్ పైకొచ్చే మెట్టు) సమానం చేసి, అక్కడ్నుంచి జెట్ కిందున్న నట్టుని 12 ఫ్లాట్లు (ఆరు పలకల నట్టులో ఒక్కో పలక ఒక ఫ్లాటు), అంటే రెండు చుట్లు కిందికి దింపి మొదలుపెట్టు. ఇక్కడ్నుంచి ఒక్కో ఫ్లాటే. కార్బ్ కింద దాని లోపలి పిస్టన్‌ని లేపే పిన్ను ఉంటుంది, దాంతో పిస్టన్‌ని 1/32 అంగుళం, మిల్లీమీటరు కంటే తక్కువే, లేపి చూడు. స్పీడు లేచి అలాగే ఉండిపోతే రిచ్. ఇంజను తడబడి ఆగబోతే లీన్. కాస్త లేచి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉన్నట్టు. నట్టు పైకి పోతే లీన్, కిందికి వస్తే రిచ్. ఈ పనిలో పడి ఇంజనుని ఎక్కువసేపు స్లోలోనే ఉంచేయకు, మూడు నిమిషాలకోసారి 2500 దాకా లేపి దులుపు, లేకపోతే ప్లగ్గులకి మసి పట్టి లెక్క తప్పుతుంది. చివర్లో క్లాంపులు బిగించేటప్పుడు రెండు బటర్‌ఫ్లైలూ ఒకేసారి తెరుచుకోవాలి, 1500లో మళ్లీ గొట్టం పెట్టి విను. స్లోలో కుదిరి 1500లో కుదరకపోతే తప్పు లింకులో ఉంది, కార్బ్‌లో కాదు. కాడికి కట్టిన జోడెడ్లలా రెండూ ఒకే అడుగు వేయాలి.

రాయగడ_బుల్లెట్:
ఇంత తతంగం ఉంది కాబట్టే వెబర్ అన్నాను అన్నా 😀

సాలూరు_ఘాట్:
రాయగడ తమ్ముడూ, వెబర్ వేసినా ఘాట్ ఎక్కితే అదే కథ. నేను సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా పాత బండి తోలేవాణ్నే. కింద మైదానం, సిమిలిగుడ దగ్గరకొచ్చేసరికి సుమారు 900 మీటర్ల ఎత్తు, గాలి పదో వంతుకి దగ్గరగా పలచబడుతుంది. పెట్రోలు ఆ మేరకి తగ్గదు, అందుకే పైన రిచ్ అవుతుంది. జయపురం కూడా ఎత్తులోనే ఉంది కానీ కొరాపుట్ అంత కాదు, అందుకే ఆయనకి ఊళ్లో కనబడని పొగ సిమిలిగుడలో కనబడింది.

ఇంకో సంగతి ఎవరూ అనలేదు. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా వచ్చేది ఈ20 పెట్రోలు, అందులో అయిదో వంతు ఇథనాల్. అచ్చం పెట్రోలుకి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి 13.5కి అటూ ఇటూ చాలు. అంటే 1967లో సరిపోయిన జెట్ ఇప్పుడు లీన్ అవుతుంది. ఎత్తు రిచ్ చేస్తుంది, ఇథనాల్ లీన్ చేస్తుంది, మన కొండల మీద రెండూ కొంతవరకు కొట్టుకుపోతాయి, కిందికి దిగితే మాత్రం లీన్ మిగులుతుంది. అందుకని నేను ఎక్కువ తిరిగే ఎత్తులోనే ట్యూన్ చేసుకుంటాను, వైజాగ్ వెళ్లే ముందు రెండు జెట్లూ ఒక ఫ్లాటు దింపుతాను. లీన్‌లో లాగితే వాల్వులు కాలతాయి, కాస్త రిచ్ ఉంటే పోయేది పెట్రోలే.

పైపులు మార్చానన్నారు, వాటి మీద ఆర్9 (ఇథనాల్ తట్టుకునే పైపు గుర్తు) అని ముద్ర ఉందో లేదో చూడండి. మామూలు రబ్బరుని ఇథనాల్ మెత్తబరిచి లోపల్నుంచి పెచ్చులూడేలా చేస్తుంది, ఆ ముక్కలు నీడిల్ వాల్వులో (కార్బ్‌లోకి పెట్రోలు రాకని ఆపేది) ఇరుక్కుని ఫ్లోట్ గిన్నె పొంగుతుంది. అప్పుడు మీరు ట్యూనింగ్‌ని తిట్టుకుంటారు.

జయపురం_1967:
చాలా థ్యాంక్స్ సార్ ఇద్దరికీ. పాయింట్లు, టప్పెట్లు సరిచూసి, స్ప్రే పరీక్ష చేశాను. ముందు కార్బ్‌కి ఏం కాలేదు. వెనకదానికి బయటి వైపు కొట్టగానే స్పీడు గుర్తుపట్టేలా మారింది, వేలితో కదిపితే స్పిండిల్ ఆట కూడా తెలుస్తోంది. పైపుల మీద ఆర్9 లేదు, మార్పిస్తున్నాను. సునాబేడలో హెచ్‌ఏఎల్‌లో చేసి రిటైరైన ఒకాయన ఇంట్లోనే లేత్ పెట్టుకున్నారు, అరిగిన రంధ్రాల్లో బుష్‌లు (లోహపు తొడుగులు) వేస్తానన్నారు. ఆయనకి ఏం చెప్పాలి? డాష్‌పాట్‌లో (కార్బ్ పిస్టన్ మీది ఆయిల్ గది) ఏ ఆయిల్ పోయాలి? ఒకరు 20డబ్ల్యూ-50 అంటున్నారు, ఒకరు కుట్టుమిషను ఆయిల్ అంటున్నారు.

కొరాపుట్_పాతబండ్లు:
కుట్టుమిషను ఆయిల్ మరీ పలచన, తొక్కగానే పిస్టన్ ఎగిరిపోయి బండి తడబడుతుంది. 20 గ్రేడు చాలు, అది దొరక్కపోతే 20డబ్ల్యూ-50తో నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, మన ఎండలకి ఇబ్బంది లేదు. రెండింట్లో ఒకే ఆయిల్, ఒకే మట్టం, అది ముఖ్యం. పిస్టన్ కింద జెట్‌లోకి దిగే సూదుల మీద చెక్కిన గుర్తులూ ఒకటేనా చూడు, పాత బండ్లలో చెరొకటి ఉండటం మామూలే.

లేత్ పెద్దాయనకి బ్రాంజు బుష్‌లు, కొత్త స్పిండిల్ అని చెప్పు. రీమరు (రంధ్రం కొలతకి సరిచేసే పనిముట్టు) రెండు బుష్‌లలోంచీ ఒకే వరుసలో పోవాలి, విడివిడిగా వేస్తే స్పిండిల్ పట్టేస్తుంది. ముందు కార్బ్‌కి ఇప్పుడు ఆట లేకపోయినా దానికీ వేయించెయ్, ఎలాగూ విప్పుతున్నావు. బటర్‌ఫ్లై విప్పే ముందు ఏ వైపు పైకి ఉందో గీత పెట్టుకో. దాన్ని పట్టే స్క్రూల కొసలు చీలి ఉంటాయి, బిగించాక వాటిని విడదీస్తేనే ఊడకుండా ఉంటాయి. పాతవి మళ్లీ వాడొద్దు, ఒకటి విరిగి లోపల పడిందంటే హెడ్డు విప్పాల్సి వస్తుంది.