పెన్ను బ్యారెల్ ఒకవైపే ఎత్తుగా వస్తోంది, లేత్ మార్చాలా?

కొయ్యపిచ్చి:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. కర్రను తిప్పుతూ చెక్కే చిన్న వుడ్ లేత్ మీద, స్లిమ్‌లైన్ అనే పెన్ను విడిభాగాల కిట్లతో పెన్నులు చేస్తున్నాను, 7 మి.మీ. ఇత్తడి గొట్టం వచ్చేవి. మా వీధి ఫర్నిచర్ షాపులో టేకు, రోజ్‌వుడ్ తుంటలు ఊరికే ఇస్తారు కాబట్టి కర్రకు కొదవ లేదు. బాధల్లా ఏంటంటే, బుషింగ్ (కొలత కోసం చివర్లలో పెట్టే లోహపు ఉంగరం) సైజుకు దించాక చూస్తే బ్యారెల్ (పెన్ను ఒళ్లు) చివర ఒకవైపు సమంగా ఉంటోంది, రెండోవైపు గోరు తగిలేంత ఎత్తు. ఇది చాలదన్నట్టు, మేనల్లుడికి ఇచ్చిన టేకు పెన్ను వారం తిరక్కుండానే క్లిప్ దగ్గర నిలువునా బీట తీసింది. రోజ్‌వుడ్ మీద సూపర్ గ్లూ పాలిష్ వేస్తే చివర్లలో తెల్లగా మబ్బు పడుతోంది. ఉలి పదునుగానే ఉంది. లేత్ మార్చేయమంటారా?

సరదాలేత్:
బుషింగులు అరిగిపోయుంటాయి బ్రదర్. కొత్త సెట్ తెప్పించుకోండి.

పాతటర్నర్:
బాబూ, లేత్ జోలికి పోకు. రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో టర్నర్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు కాలక్షేపానికి పెన్నులు తిప్పుతుంటాను. ఉప్పుకాగితం రాపిడికి బుషింగ్ అరిగితే చుట్టూ అరుగుతుంది, బ్యారెల్ మొత్తం సన్నబడుతుంది. ఒకవైపే ఎత్తు వస్తోందంటే మాండ్రెల్ మీదే నా అనుమానం.

అది బ్యారెల్‌నూ బుషింగులనూ గుచ్చి తిప్పే పావంగుళం కడ్డీ. చివరి నట్ పానాతో బిగిస్తున్నావేమో చూసుకో, వేళ్లతో బిగిస్తే చాలు. కడ్డీ రెండో కొసను ఆనించి పట్టే టెయిల్‌స్టాక్‌తో ఇంకా జాగ్రత్త. హ్యాండిల్ తిప్పి గట్టిగా నొక్కావంటే ఆ సన్న కడ్డీ మధ్యలో విల్లులా వంగుతుంది, తిరిగేటప్పుడు కంటికి తెలియదు. దాని మొన, అదే సెంటర్, కడ్డీకి ఆని, దాంతోపాటు తనూ తిరగడం మొదలుపెట్టాక ఇంకో వెంట్రుకవాసి నొక్కు, అంతే.

నమ్మకపోతే కర్ర లేకుండా ఉత్త మాండ్రెల్ ఎక్కించు. వంకర కొలిచే డయల్ గేజ్ ఉంటే సరే. లేకపోతే స్కెచ్ పెన్ను టూల్ రెస్ట్ మీద ఆనించి, చేత్తో కడ్డీని తిప్పుతూ మొనను మెల్లగా దగ్గరికి తే. చుట్టూ గీత పడితే నిటారుగా ఉన్నట్టు, ఒక పక్కే పడితే వంకర. టెయిల్‌స్టాక్ వదులు చేసి మళ్లీ చూడు. వంకర పోతే తప్పు బిగింపుది. పోకపోతే కడ్డీయే వంగిపోయి ఉండొచ్చు.

ఇక బీట. ఊరికే ఇచ్చే తుంట ఎంత ఆరిందో ఎవడికి తెలుసు? తేమ ఉన్న కర్ర ఆరేకొద్దీ కుంచించుకుంటుంది, లోపలున్న ఇత్తడి గొట్టం కుంచించుకోదు. చీలడం తప్ప దానికి దారేది? ముక్క కోసి, రంధ్రం వేసి నీడన పడెయ్. మధ్యమధ్యలో వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకో. తగ్గడం ఆగేదాకా గొట్టం అతికించకు. గొట్టం లోపల గ్లూ అంటుకుని ఉన్నా, క్లిప్ భాగం నొక్కేటప్పుడు కర్ర చీలుతుంది. కాకపోతే అది చాలావరకు అక్కడికక్కడే టక్కుమంటుంది, వారం ఆగదు. అయినా సన్నటి గుండ్రని ఆకురాయితో లోపల ఓసారి గీకడం మంచిది.

లక్కబొమ్మ:
మబ్బు సంగతి నేను చెప్తాను. నీళ్లతో రుద్దుతున్నారా? చివర్లలో కర్ర పోగులు తెరుచుకుని ఉంటాయి, నీళ్లు అక్కణ్నుంచి గ్లూ కిందకి పాకుతాయి. ముందే చివర్లకు పల్చటి గ్లూ పట్టించండి. రోజ్‌వుడ్‌లో నూనె ఉంటుంది కాబట్టి మొదట అసిటోన్‌తో తుడవండి. పొరలు పల్చగా వేయండి, టిష్యూతోనే. నూలు గుడ్డకు సూపర్ గ్లూ ఎక్కువగా తగిలితే వేడెక్కి పొగలొస్తాయి, వేళ్లు కాలతాయి.

మా దగ్గర ఏటికొప్పాకలో ఈ గ్లూ గోలే లేదు. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క ముక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టేస్తుంది, పైన మొగలి ఆకు నొక్కితే మెరుపొస్తుంది. నేను పెన్నులకూ అదే వేస్తాను. లక్క స్పిరిట్‌కు కరుగుతుంది, అదొక్కటే ఇబ్బంది. శానిటైజర్ రాసుకునే చేతులకు ఈ పెన్ను పనికిరాదు, డాక్టర్లకు బహుమతిగా ఇవ్వకండి.

కొయ్యపిచ్చి:
నీళ్లతోనే రుద్దుతున్నాను మేడమ్, ఈసారి చివర్లు మూసి చూస్తా. పాతటర్నర్ గారూ, స్కెచ్ పెన్నుతో చూశాను. టెయిల్‌స్టాక్ వదిలినా గీత ఒక పక్కే పడుతోంది. రెండు సెంటర్ల మొనలూ దగ్గరికి తెస్తే అవీ కలవడం లేదు.

పాతటర్నర్:
అయితే కొత్త కడ్డీకి ఇప్పుడే డబ్బులు తగలెయ్యకు. మాండ్రెల్, సెంటర్లు తీసి, అవి కూర్చునే టేపర్ (లోపలికి సన్నబడే) రంధ్రాల్లో పొట్టు లేకుండా గుడ్డతో తుడిచి మళ్లీ అదే పరీక్ష చెయ్. మాండ్రెల్ గీత ఇంకా ఒక పక్కే పడితే అప్పుడు కొను. మొనలు అప్పటికీ కలవకపోతే, తేడా పక్కకైతే హెడ్‌స్టాక్ (కర్రను తిప్పే వైపు భాగం) బోల్టులు వదులు చేసి, మొనలు కలిపి బిగించొచ్చు. తేడా ఎత్తులో అయితే, తక్కువున్న దాని కింద కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క కోసి పెట్టాలి. నీది పక్కకా, ఎత్తులోనా?