పాఠశాల రోబోటిక్స్ జట్టులో చేరితే పిల్లలు నిజంగా చేసే పని ఏమిటి?

ప్రశ్న

నమస్కారం. మా అమ్మాయి ఈ ఏడు తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. పాఠశాల రోబోటిక్స్ జట్టులో చేరతానని పట్టుబడుతోంది. ఆ పోటీల వీడియోలు కొన్ని చూశాను. రోబోలు ఒకదానినొకటి తోసుకుంటూ బంతులు విసురుతుంటే చూడ్డానికి బాగానే ఉంది గానీ, ఆ రెండున్నర నిమిషాల ఆట కోసం నెలల తరబడి ఏం చేస్తారో నాకు అంతుపట్టలేదు. మా అమ్మాయి ఇంతవరకు ఒక్క ప్రోగ్రాం రాయలేదు, డ్రిల్లు చేతపట్టలేదు. జట్టులో నలభై మంది ఉన్నారట. అంతమంది కలిసి చేసేది ఒక్క రోబో అయినప్పుడు, కొత్తవాళ్ళకు చూస్తూ నిలబడటం తప్ప వేరే పని దొరుకుతుందా? చదువుకు ఎంతవరకు అడ్డువస్తుంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం (జట్టులో నాలుగేళ్ళు పనిచేసిన పూర్వ విద్యార్థి)

ముందుగా అది ఏ పోటీయో కనుక్కోండి. వెక్స్, ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే చిన్న రోబోల పోటీల్లో ఆట మొదలయ్యేటప్పుడు రోబో 18 అంగుళాల ఘనంలో ఇమిడిపోవాలి. అక్కడ జట్లు చిన్నవి. నలభై మంది అంటున్నారు కాబట్టి మీది బహుశా ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ అయి ఉంటుంది. 1992లో మొదలైన ఈ పోటీలో రోబో యాభై కిలోలకు అటూఇటూగా తూగుతుంది. ఏటా జనవరి మొదట్లో కొత్త ఆటను అన్ని జట్లకూ ఒకేసారి ప్రకటిస్తారు కనుక, నిరుడు గెలిచిన రోబోను తీసుకువచ్చి మళ్ళీ దింపడం కుదరదు.

మొదటి రెండు మూడు రోజులు ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. నిబంధనల పుస్తకం చదవడం, ఏ పనికి ఎన్ని పాయింట్లో లెక్కగట్టడం, వాటిలో దేన్ని వదులుకోవాలో వాదించుకోవడం, ఇదే పని. వదులుకోవడమే అన్నిటికన్నా కష్టం. మా జట్టు ఒక ఏడు ఏదీ వదులుకోలేక, బంతులు విసిరే యంత్రమూ పైకి ఎగబాకే చేయీ రెండూ పెట్టింది. తీరా పోటీకి వెళ్ళాక తనిఖీలో రోబో బరువు పరిమితిని దాటింది. ఆ సాయంత్రమంతా అల్యూమినియం పలకలకు రంధ్రాలు వేసి బరువు తగ్గిస్తూ గడిపాం. ఆ ఎగబాకే చేయి మాత్రం ఒక్క ఆటలోనూ పనిచేయలేదు.

రోబో ఆగిపోయిందంటే అందరూ ముందు ప్రోగ్రాంను అనుమానిస్తారు. మా అనుభవంలో దోషం ఎక్కువసార్లు వైరులోనో, సరిగా బిగించని బ్యాటరీ కనెక్టరులోనో బయటపడేది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి మోటార్లన్నీ ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజి పడిపోతుంది. అది సుమారు 7 వోల్టుల దిగువకు జారితే నియంత్రణ పెట్టె తనను తాను కాపాడుకోవడానికి మోటార్లను ఆపేస్తుంది. చూసేవారికి రోబో వణికినట్టు కనిపిస్తుంది. కాబట్టి బ్యాటరీలకు వరుస నంబర్లు వేసి, ఏది ఎప్పుడు ఛార్జింగు పెట్టారో పట్టికలో రాసి, ప్రతి ఆటకు ముందు ప్రతి వైరునూ లాగి చూసే మనిషి జట్టుకు ప్రాణాధారం. కొత్తగా చేరినవారు మొదటి వారంలోనే ఈ పనిని సమర్థంగా చేయగలరు. నేను అక్కడే మొదలుపెట్టాను.

రెండవ సమాధానం (జట్టుకు మార్గదర్శకుడు)

పైవారు చెప్పినదంతా నిజమే గానీ, ప్రోగ్రాం రాసేవారి తరఫున ఒక మాట చెప్పాలి. ఆటలో మొదటి 15 సెకన్లో, అంతకు కొంచెం ఎక్కువో, ఎవరూ మీట తాకకుండా రోబో తనంతట తానే కదలాలి. ఆ కొద్ది సెకన్లను సరిచేయడానికి అసలు రోబోతో గంటల తరబడి పరీక్షలు చేయాలి. అయితే యంత్రభాగాల పని ఆలస్యమైన ప్రతిసారీ ఆ సమయమే కోతకు గురవుతుంది. చివరికి రోబో ప్రోగ్రామర్ల చేతికి వచ్చేసరికి పోటీకి రెండు రోజులు మిగులుతాయి. నడిపేవారికి సాధన కూడా ఆ రెండు రోజుల్లోనే జరగాలి. అనుభవమున్న జట్లు అందుకే పాత చక్రాల చట్రాన్ని పక్కన ఉంచుకొని, కొత్తది తయారయ్యేలోగా దాని మీదే ప్రోగ్రాంను పరీక్షిస్తాయి. జావా, సీ ప్లస్ ప్లస్, పైథాన్‌లలో ఏదో ఒకటి వాడతారు; ముందుగా వచ్చి ఉండాల్సిన అవసరం లేదు.

చదువు సంగతి: 2019 వరకు, ఆట ప్రకటించిన సుమారు ఆరు వారాల తరువాత రోబోను ఇక ముట్టుకోకుండా సంచిలో పెట్టి సీలు వేయాలన్న నియమం ఉండేది. 2020 సీజను నుంచి దాన్ని తొలగించారు. పిల్లలకు ఊపిరి పీల్చుకునే వెసులుబాటు దొరుకుతుందనుకున్నాం, కానీ గడువు లేకపోవడంతో పని పోటీల చివరిదాకా సాగుతోంది. జట్టు క్యాలెండరు అడిగి చూడండి; వారానికి ఎన్ని రోజులో, రాత్రి ఎన్ని గంటలకు పంపిస్తారో అందులో ఉండాలి. రోబోను పిల్లలు కడుతున్నారా, పెద్దలే కట్టేసి పిల్లలను పక్కన నిలబెడుతున్నారా అన్నది కూడా ఒకసారి వెళ్ళి కళ్ళారా చూడండి. మీ భయం నిజమయ్యేది ఈ రెండో రకం జట్టులోనే.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడిందండీ. మరి పోటీ రోజున నలభై మంది ఏం చేస్తారు?

మూడవ సమాధానం (ఇద్దరు పిల్లలను ఈ పోటీలకు పంపిన తల్లి)

ఆటస్థలం దగ్గర నిలబడేది ఐదుగురే. మరికొందరు మరమ్మతుల స్థలంలో ఉంటారు, అక్కడ అందరికీ చోటుండదు. మిగతావారు పై మెట్ల మీద కూర్చుని ఇతర జట్ల ఆటను నమోదు చేస్తారు. మూడు జట్లు ఒక కూటమిగా మరో మూడు జట్లతో ఆడతాయి. ప్రాథమిక దశలో భాగస్వాములెవరో నిర్వాహకుల పట్టికే నిర్ణయిస్తుంది. ఆ దశ ముగిశాక ముందున్న జట్లు తమ భాగస్వాములను స్వయంగా ఎంచుకుంటాయి. ర్యాంకును మాత్రమే చూసి ఎంచుకుంటే మోసపోతారు, ఎందుకంటే మంచి భాగస్వాముల పుణ్యాన పైకొచ్చిన బలహీనమైన రోబోలు ఉంటాయి. అందుకే ఆరుగురు కూర్చుని, మనిషికొక రోబో చొప్పున, ఏది ఎన్నిసార్లు గురి తప్పిందో రోజంతా రాస్తారు. విసుగు పుట్టించే పనే, మా పెద్దవాడు తిట్టుకుంటూనే చేసేవాడు. ఎంపిక వేళకు కెప్టెను చేతిలో ఉండేది మాత్రం ఆ కాగితాలే.

ఇంకొకటి చూసి నేను ఆశ్చర్యపోయాను. కాసేపట్లో తలపడబోయే జట్టుకు మోటారు కాలిపోతే, మన పిల్లలే తమది అరువిస్తారు. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం ఆచార్యులు వూడీ ఫ్లవర్స్ ఈ పోటీల్లో అలవాటు చేసిన మర్యాద అది.

మొదటి రోజు అమ్మాయిని జుట్టు ముడి వేసుకుని, పాదాలు పూర్తిగా కప్పే బూట్లు వేసుకుని వెళ్ళమనండి. రక్షణ కళ్ళద్దాలు వాళ్ళే ఇస్తారు.