చిట్టి క్విల్టు కుట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మంచానికి సరిపడే పెద్ద క్విల్టులు (బట్ట ముక్కలు కలిపి, మధ్యలో దూది పొర వేసి కుట్టే బొంతలు) కుట్టడం నాకు అలవాటే. ఇప్పుడు గోడకు తగిలించుకునేంత చిన్నది, సుమారు 18 అంగుళాల చదరంలో, చూడగానే పెద్ద క్విల్టునే కుదించినట్లు కనిపించేది ఒకటి కుట్టాలని ఉంది. నా దగ్గర 12 అంగుళాల బ్లాకుల (ముక్కలు కలిపి కుట్టే చదరపు భాగాల) నమూనాలు చాలా ఉన్నాయి. వాటి కొలతలన్నిటినీ నాలుగో వంతుకు తగ్గించి 3 అంగుళాల బ్లాకులుగా కుట్టుకుంటే సరిపోతుందా, లేక చిన్నవాటికి పద్ధతే వేరా? బట్ట, దారం, మధ్యలో వేసే దూది పొర విషయంలో ఏమేమి మార్చుకోవాలో కూడా తెలిసినవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

బ్లాకు కొలత తగ్గుతుంది గాని కుట్టుకు వదిలే పావు అంగుళం తగ్గదు. చిక్కంతా అక్కడే వస్తుంది. తొమ్మిది గళ్ల బ్లాకునే తీసుకోండి. 12 అంగుళాల బ్లాకులో ఒక్కో గడి 4 అంగుళాలు కాబట్టి నాలుగున్నర అంగుళాల ముక్క కత్తిరిస్తాము. 3 అంగుళాల బ్లాకులో గడి ఒక అంగుళమే అయినా ముక్క మాత్రం ఒకటిన్నర అంగుళం ఉండాలి. అంటే సగానికి పైగా బట్ట వెనక్కే పోతుంది, వెనక పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని బ్లాకు ఉబ్బెత్తుగా తయారవుతుంది. అందువల్ల పావు అంగుళం వదిలే కుట్టి, కుట్టు సరిగ్గా పడిందని చూసుకున్న తరువాత, ఆ వదిలిన మార్జిన్‌ను 1/8 అంగుళానికి కత్తిరించండి. మొదటే 1/8 వదిలి కుట్టబోతే చిన్న ముక్కలు మిషను పళ్ల కింద జారిపోతాయి.

రెండవది, తేడాలు కలిసిపోయే తీరు. వరుసకు 5 బ్లాకులు పెడితే 15 గళ్లు, వాటి మధ్య 14 కుట్లు వస్తాయి. ఒక్కో కుట్టులో ఇరువైపులా కలిపి 1/16 అంగుళం ఎక్కువ లోపలికి పోయినా మొత్తం మీద 7/8 అంగుళం తగ్గిపోతుంది. 60 అంగుళాల వరుసలో ఆ తరుగు కంటికి ఆనదు, 15 అంగుళాల వరుసలో దాదాపు ఒక గడి మాయమైనట్లే. కాబట్టి అసలు పని మొదలుపెట్టే ముందు మూడు ముక్కలు వరుసగా కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య ముక్క కచ్చితంగా ఒక అంగుళం వచ్చిందో లేదో స్కేలుతో కొలవండి. రాకపోతే సూదికీ మిషను పాదం అంచుకూ మధ్య దూరం సవరించుకోండి. ఇందులో ఒక సాయంత్రం గడిచిపోయినా ఫరవాలేదు.

రెండవ జవాబు

పై మాటలన్నీ నిజమే. అయితే గళ్ల నమూనా వరకు అవి చాలుతాయి గాని, కోణాలున్న నక్షత్రాలూ ఎగిరే బాతులనే త్రికోణాల నమూనాలూ కుట్టాలంటే కాగితం మీద కుట్టే పద్ధతి నేర్చుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. నమూనాను పలుచని కాగితం మీద ముద్రించుకుని, గీతలు లేని వైపు బట్ట ఉంచి, గీతలున్న వైపు నుంచి గీత మీదే కుట్టాలి. కుట్టు గీత మీద పడితే కొలత దానంతటదే సరిపోతుంది. కుట్టు పొడవు 1.5 మిల్లీమీటర్లకు తగ్గించండి. రంధ్రాలు దగ్గరగా పడితే చివర కాగితం సులువుగా చిరుగుతుంది, కుట్లూ వదులు కావు. 70 నంబరు సూది, 50 లేదా అంతకన్నా సన్నని నూలు దారం వాడండి.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. పూర్తయిన బ్లాకు ముద్రించిన బొమ్మకు అద్దంలో ప్రతిబింబంలా వస్తుంది కాబట్టి, కుడి ఎడమలు ఒకేలా లేని నమూనాను ముందే తిప్పి ముద్రించుకోవాలి. ముద్రించేటప్పుడు పరిమాణం నూరు శాతం ఉందో లేదో కూడా కొలిచి చూడాలి. బ్లాకులను ఒకదానితో ఒకటి కలిపేంతవరకు కాగితం తీయకండి, ఏటవాలుగా కత్తిరించిన అంచులను సాగకుండా పట్టి ఉంచేది అదే.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తొమ్మిది గళ్లతోనే మొదలుపెడతాను. నా దగ్గర ఉన్నవన్నీ పెద్ద పువ్వుల బట్టలు, అవి పనికొస్తాయా? కుట్టిన మార్జిన్లను ఒక పక్కకు మడిచి ఇస్త్రీ చేయాలా, రెండు వైపులా విప్పి చేయాలా?

మూడవ జవాబు

ఒక అట్టముక్కలో అంగుళం చదరపు కంత కోసి, దానిని బట్ట మీద అటూ ఇటూ జరుపుతూ చూడండి. ఆ కంతలో పువ్వు పువ్వుగా కనిపించదు. ఒకచోట ఎర్రటి రేక మాత్రమే, ఇంకొకచోట ఉత్త తెల్లని నేల మాత్రమే పడతాయి. ఒకే బట్టలోంచి తీసిన రెండు ముక్కలు రెండు వేర్వేరు బట్టల్లా అనిపిస్తే నమూనా చెదిరిపోతుంది. చుక్కలు, సన్నని తీగలు, ఒకే రంగులో ఛాయలున్న బట్టలు ఎంచుకోండి. ముదురు, లేత రంగుల తేడా కూడా పెద్ద క్విల్టులో కన్నా ఎక్కువగానే ఉంచండి. ఎంచుకున్న బట్టలను పక్కపక్కన పరిచి నలుపు తెలుపులో ఫొటో తీస్తే ఆ తేడా తేటగా తెలుస్తుంది.

ఇస్త్రీ విషయానికొస్తే, గళ్ల బ్లాకులో పక్కపక్క వరుసల మార్జిన్లను ఎదురెదురు దిక్కులకు మడవండి. కలిపేటప్పుడు ఒకదానికొకటి ఆనుకుని మూలలు చక్కగా కలుస్తాయి. బ్లాకుకూ బ్లాకుకూ మధ్య వచ్చే పొడవాటి కుట్లను మాత్రం విప్పి ఇస్త్రీ చేస్తే బల్లపరుపుగా ఉంటాయి. బట్టకు కత్తిరించే ముందే గంజి పెట్టండి.

దూది పొర వీలైనంత పలుచగా ఉండాలి. ఉతికి ఆరబెట్టిన ఫ్లానెల్ ముక్క కూడా బాగానే పనిచేస్తుంది. మందమైనది వేస్తే క్విల్టు మెత్తలా ఉబ్బుతుంది, కిందికి జాలువారదు. అంచు పట్టీకి మామూలుగా వాడే రెండు మడతల పట్టీ ఇక్కడ బరువు, ఒంటి పొర చాలు. ముందువైపు 3/16 అంగుళం కనిపించాలంటే దానికి నాలుగు రెట్లు, అంటే 3/4 అంగుళం వెడల్పున కత్తిరించి, పొరల మందానికి మరికొంచెం కలుపుకోండి. క్విల్టింగు, అంటే పొరలన్నిటినీ కలిపి కుట్టడం, పూర్తయ్యాక మొత్తం కొంత కుదించుకుపోతుంది కాబట్టి చుట్టూ ఉండే బోర్డరును కావలసినదాని కన్నా అర అంగుళం వెడల్పుగా ఉంచి, పట్టీ కుట్టే ముందు మాత్రమే సరిచేసి కత్తిరించండి.